కాకతీయుల నాటి మాటలు – మన పిల్లల నోట

2015లో ‘రుద్రమదేవి’ చలనచిత్రం వెలువడిన తరువాత గోన గన్నారెడ్డి పేరు తెలియని విద్యార్థి మన పాఠశాలలో లేడనవచ్చును. అయితే ఆ పేరుతోనే అడివి బాపిరాజుగారు రచించిన నవలను చేతికిచ్చినప్పుడు, పదవ తరగతి విద్యార్థి సైతం పది పుటలు దాటకముందే ఆగిపోవుచున్నాడు. అతనిని ఆపునది కథ కాదు. కథ వేగంగానే సాగుతుంది. గజదొంగగా లోకానికి కనిపించుచు రాణి పక్షాన పనిచేయు వీరుని కథ ఏ వయస్సువారినైనను ఆకట్టుకొనునదే. ఆపునవి మాటలు. అవి తెలుగు మాటలే, కాని అతడు ఇంటిలోను వీథిలోను వినని తెలుగు.

ఈ చిక్కుకు మన తరగతులలో చిరకాలంగా ఒక మందు ఉన్నది. పాఠం చివర ‘కఠిన పదములు – అర్థములు’ అని ఒక పట్టిక వేసి, ఎడమ ప్రక్క పాత మాట, కుడి ప్రక్క క్రొత్త మాట వ్రాయించుట. పరీక్షకు ఆ పట్టిక చాలును. చారిత్రక నవలకు మాత్రం అది చాలదు సరికదా, ఒక్కొక్కప్పుడు హాని కూడ చేయును. ‘నాయంకరము’ అను మాటకు ఎదురుగా ‘జాగీరు’ అని వ్రాసిన పట్టికలున్నవి. జాగీరు పారసీక పదం, కాకతీయుల తరువాతి ప్రభుత్వాలది. నాయంకరం రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలపు శాసనాలలో కనబడు ఏర్పాటు: రాజు కొన్ని గ్రామాల ఆదాయమును ఒక నాయకునకు అప్పగించును, ఆ నాయకుడు దానికి బదులుగా ఇంత సైన్యమును పోషించి, పిలుపు వచ్చినప్పుడు దానితో రావలెను. ఈ రెండింటికి పోలిక లేకపోలేదు. కాని పదమూడవ శతాబ్దపు ఓరుగల్లులో ‘జాగీరు’ అని చదివిన విద్యార్థి మనస్సులో మొగలు పాదుషా కొలువు మెదలునే కాని రుద్రమ కొలువు మెదలదు. అర్థం తెలిసినట్లే ఉండి కాలం తప్పిపోయినది.

కథాకాలమును గురించి రెండు మాటలు. కాకతీయులు మొదట కల్యాణి చాళుక్యులకు సామంతులు. రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంతో స్వాతంత్ర్యమును చాటెను. విచిత్రమేమనగా, స్వతంత్రులైన తరువాత కూడ వారు ‘మహామండలేశ్వర’ అను సామంత బిరుదమును వదలలేదు. ఆ బిరుదు కనబడినంతనే ‘ఇతడు మరొకనికి లోబడినవాడు’ అని తీర్మానించరాదు. గణపతిదేవుని తరువాత అతని కుమార్తె రుద్రమ 1262 నుండి పాలించినది. ఆమె శాసనాలలో ‘రుద్రదేవ మహారాజు’ అని పురుష నామంతోనే కనబడును. మహారాణి అని కాక మహారాజు అని ఏల ఉన్నదని ఆడపిల్లలు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే అది. పట్టికలో దానికి చోటు లేదు.

ఆమె మరణమును తెలుపు చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. అందులో రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకునకు శివలోకప్రాప్తి చెప్పబడినది. శివలోకప్రాప్తి యనగా తీర్థయాత్ర కాదని మన పిల్లలకు విడమరచి చెప్పవలసియే యున్నది. బాపిరాజుగారు 1952లో పరమపదించిరి. నవల వ్రాయునాటికి ఈ శాసనం చరిత్రకారుల దృష్టికి రాలేదు. అప్పటి చరిత్ర గ్రంథాలు రుద్రమ పాలనను మరి కొన్నేండ్లు ముందుకు సాగించినవి. నవలను పాఠంగా చెప్పువారు ఈ సంగతి కూడ చెప్పుట మంచిది, నవలాకారుని తప్పు పట్టుటకు కాదు, చరిత్ర నిలిచిపోయిన విద్య కాదని తెలుపుటకు.

ఇక పన్నుల మాటలు. నవలలకు పచ్చిసరకైన శాసనాలలో ఇవి కోకొల్లలు. ‘అరి’ అనగా కప్పము, పన్ను. ఇంటిపై వేయునది ఇల్లరి. పశువులు మేసే గడ్డిపై వేయునది పుల్లరి. ఇందు ‘పులు’ అనగా గడ్డి. గుంటూరులోనో ఓరుగల్లులోనో చదువు విద్యార్థికి ఈ మాటను నిఘంటువులో చూపవలెను. తమిళదేశంలో పెరిగిన మన విద్యార్థికి అక్కరలేదు. వీథిలో ఆవుకు వేసే గడ్డిని ఇరుగుపొరుగు ‘పుల్’ అనుటను అతడు దినమును వినుచున్నాడు. పుల్లరి కాకతీయులతో చచ్చిపోయిన మాట కూడ కాదు. 1921–22లో పల్నాటి రైతులు అడవిలో పశువుల మేతకు ఆంగ్ల ప్రభుత్వం వసూలు చేసిన పుల్లరిని కట్టమని ఎదిరించిరి. వారికి నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఏడు వందల సంవత్సరాల ఎడమున ఒకే పన్ను, ఒకే పేరు.

‘దరిశనము’ అనునది కూడ ఒక పన్నే. రాజును చూడబోవువాడు రిక్తహస్తాలతో పోరాదు కనుక చెల్లించునది. తరగతిలో పిల్లలు దీనిని గుడిలో దేవుని దర్శనమని వ్రాయుదురు. నవ్వవలసిన పని లేదు, గుడిలో కూడ నేడు టిక్కెట్టు ఉన్నది కదా! ‘సిద్ధాయము’ అనగా పంట ఎట్లున్నను మారని, ముందే నిర్ణయించిన పన్ను. ‘కోరు’ పంటలో రాజునకు చెందు పాలు. వానలు తప్పిన ఏట ఈ రెండింటిలో ఏది రైతును ముంచునో పిల్లలే ఆలోచించి చెప్పగలరు; ఆ తరువాత వారికి ఆ రెండు మాటలను బట్టీ పట్టించవలసిన అవసరముండదు.

తమిళం మన పిల్లలకు చేయు ఉపకారం పుల్లరితో ముగియలేదు. ఇది మన తల్లిదండ్రులు కొందరు నమ్మని సంగతి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత తమిళం ఇచట తప్పనిసరి పాఠ్యభాష అయినది. దానితో మన వంటి బడులలో తెలుగు స్థానమేమిటను ప్రశ్న ప్రతి చేర్పుల కాలంలోను వినబడుచున్నది. ‘రెండు భాషల బరువు ఎందుకు? అందులోను ఎన్నడో చచ్చిన ఈ రాజుల మాటలు ఎందుకు?’ అని ఒక తండ్రి అడిగినప్పుడు, ఆ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. బిడ్డ భవిష్యత్తును గురించిన ఆందోళన అది. కాని పాత తెలుగు విషయంలో తమిళం బరువు కాదు, తాళపుచెవి.

ఓరుగల్లు అనగా ఒంటిరాయి; సంస్కృతంలో ఏకశిలానగరము. మన పిల్లలు ‘ఒరు కల్’ అని ఒక్క క్షణంలో విప్పుదురు. ‘పేరోలగము’ అనగా రాజు నిండుకొలువు. ఓలగము కొలువు, దాని ముందున్న ‘పేర్’ పెద్ద అను అర్థం గలది. తమిళంలోని ‘పేర్’, ‘ఓలక్కం’ ఇవియే. కన్నడిగులకు కూడ ‘ఓలగ’ తెలిసిన మాటయే. బళ్లారిలోని మన బంధువుల పిల్లలు ఆ దారిని వత్తురు. ‘పడవాలు’ అనగా సేనానాయకుడు. నీటిపై తిరుగు పడవలకు, దీనికి ఏ సంబంధమును లేదు. తమిళంలో సైన్యమును ‘పడై’ అనుట గుర్తుకు తెచ్చుకొన్న పిల్లవాడు పడవాలును నదిలో దింపడు. సబ్బినాడు, కమ్మనాడు, పాకనాడు అన్నప్పుడు ‘నాడు’ దినము కాదు, సీమ. తమిళనాట చదువు బాలునకు దీనిని చెప్పుట కొండకు దివిటీ చూపుటయే.

‘కొత్తళము’ అను మాటను ప్రత్యేకంగా చెప్పుకొనవలెను. కోటగోడపై ముందుకు పొడుచుకొని వచ్చిన, సైనికులు నిలిచి పోరాడు కట్టడమది. నేటి తెలుగువారందరు ‘బురుజు’ అందురు. బురుజు అరబ్బీ మూలమైన పదం. పారసీకం మీదుగా సుల్తానుల కాలంలో మనలో స్థిరపడినది. కొత్తళం తెలుగు నిఘంటువులలో మిగిలినది, తమిళుల నోట బ్రతికినది. ప్రతి ఆగస్టు 15వ తేదీన చెన్నై సెయింట్ జార్జి కోటపై ముఖ్యమంత్రి పతాకమును ఎగురవేయగా, వార్తలలో ‘కోట్టై కొత్తళం’ అను మాట చెవినపడని ఇల్లు ఈ రాష్ట్రంలో లేదు. రుద్రమ కాలపు ఓరుగంటి కోటను వర్ణింపుమన్నప్పుడు మన పిల్లవాడు బురుజును వదలి కొత్తళమును వ్రాయగలిగినచో, అతడు చరిత్రకు ఒక అడుగు దగ్గరైనట్లే.

బురుజు మాట వచ్చినది కనుక ఒక హెచ్చరిక. చారిత్రక నవలాకారులు పాఠకుల సౌకర్యం కొరకు తరువాతి కాలపు మాటలను వాడుట సహజం. దర్బారు, ఖజానా, ఫౌజు, సిపాయి మొదలైనవి ఎక్కడ కనబడినను అవి రచయిత కాలపు తెలుగు, పాత్రల కాలపు తెలుగు కాదు. దీనిని తరగతిలో ఒక ఆటగా ఆడించవచ్చును: ‘ఈ పుటలో రుద్రమకు అర్థం కాని మాట ఏది?’ పెద్ద పిల్లలు మాటలతో ఆగరు, వంటయింటి వరకు పోవుదురు. మిరపకాయ ఆ కాలపు వంటలో ఉండుటకు వీలులేదు. అది పోర్చుగీసువారి రాక తరువాతనే ఈ దేశానికి వచ్చినది. కాకతీయుల నాటి కారం మిరియాలది.

ఆ మిరియాలు వచ్చిన రేవుకే పోదము. మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ప్రసిద్ధం. అంతకు పూర్వపు రాజులు, తుపానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును కైవసం చేసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పి, నిర్ణీతమైన సుంకమును మాత్రమే తీసికొందునని సముద్ర వర్తకులకు మాట ఇచ్చెను. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడం, పోక, మిరియం వంటి సరకులకు సుంకమెంతయో అందు చెక్కించెను. ఆ శాసనంలో మోటుపల్లికి గల మరొక పేరు దేశ్యుయ్యకొండపట్టణం. ‘ఉయ్యక్కొండాన్’ అను మాటను ఎరిగిన తమిళదేశపు పిల్లలకు ఆ పేరులోని అరవ వాసన వెంటనే తగులును. వర్తకులు రెండు భాషల మధ్య ఎంత సులభంగా తిరిగిరో ఆ ఒక్క ఊరి పేరు చెప్పుచున్నది. ఆనాటి వర్తక సంఘానికి ‘నకరము’ అని, ‘పెక్కండ్రు’ అని పేర్లు. పెక్కండ్రు అనగా ‘చాలమంది’ అని పట్టిక చెప్పును. అక్షరార్థం సరియే, చరిత్ర తప్పు. నకరమునకు తమిళ సహోదరమైన ‘నగరం’ నుండియే నగరత్తార్ అను పేరు వచ్చినది. చెట్టినాటి మేడలను చూడని పిల్లలు మనలో ఎందరున్నారు?

అన్ని మాటలకు తమిళం తాళం తీయదు. ‘గజసాహిణి’ని చూచి, వాహిని, కామిని వంటి మాటల వరుసలో పెట్టి, ‘ఏనుగునెక్కిన స్త్రీ’ అనుకొను విద్యార్థిది తెలివితక్కువ కాదు, వ్యాకరణంపై అతనికి గల నమ్మకం. సాహిణి అనగా గుఱ్ఱములకో ఏనుగులకో శిక్షణనిచ్చి నడుపు అధికారి. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని. గజబలమును నడిపిన ఆ చేతితోనే అతడు 1253–54లో ‘నృత్తరత్నావళి’ని సంస్కృతంలో రచించెను. ఒక ఉద్యోగం పేరును ఇట్టి మనిషితో కలిపి చెప్పినప్పుడు అది మరువరానిదగును.

‘లెంక’ కూడ అట్టిదే. నిఘంటువు ‘సేవకుడు’ అనును. జీతమునకు పనిచేయువాడు కాడు లెంక. ఏలికతో బ్రతుకును చావును పంచుకొందునని ప్రతిన పట్టిన యోధుడు. శివకవులు తమను శివుని లెంకలమని చెప్పుకొన్నప్పుడు ఆ మాటలోని తీవ్రత అదియే. సేవకుడన్న అర్థంతో చదివిన బాలుడు, ఏలిక పడిన చోటనే లెంక కూడ ఏల పడవలెనో తెలియక తికమకపడును.

ఇప్పుడు ‘తూము’. పదమూడవ శతాబ్దపు శాసనం నుండి మన తాతల ధాన్యపు గాదె వరకు నడిచి వచ్చిన మాట. ఇది రెండర్థాలది, రెండును సేద్యానివే. చెరువు కట్టలో నీటిని వదలు కంత తూము, తమిళంలో ‘తూంబు’. కాకతీయ రాజ్యం చెరువుల రాజ్యం కనుక ఈ అర్థం అడుగడుగున వచ్చును. పాలంపేటలో గుడితో పాటు రేచర్ల రుద్రుని కాలపు రామప్ప చెరువు నేటికిని ఉన్నది. చెరువు త్రవ్వించినవానికి ఆ ఆయకట్టులో పదియవ వంతును మాన్యంగా ఇచ్చుటను ‘దశబంధము’ అనిరి. రాజు ధనం లేకయే ఊరూర చెరువులెట్లు వెలసెనను ప్రశ్నకు ఆ ఒక్క మాట కొంత సమాధానం.

తూము యొక్క రెండవ అర్థం కొలత. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరువది తూములు పుట్టి. సీమను బట్టి కొలపాత్ర పరిమాణం మారినను, వరుస బహుళ వ్యాప్తమైనది ఇదియే. పొలమును కూడ విత్తనంతోనే కొలిచిరి. ‘తూమెడు నేల’ అనగా తూమెడు విత్తనం పట్టు నేల. శాసనాలలో నేలకు ‘మఱుతురు’ అను మరొక కొలత కూడ ఉన్నది, కన్నడ శాసనాల ‘మత్తరు’ దాని తోబుట్టువు. 1956 నాటి చట్టంతో కిలో, లీటరు వచ్చి, మరి కొన్నేండ్లకు అంగడి నుండి కుంచం తొలగినది. తమిళనాట స్థిరపడిన మన ఇండ్లలో దాని స్థానమును ముందే ‘పడి’ ఆక్రమించినది. అయినను ఎనుబదేండ్లు దాటిన అవ్వలు నేటికిని సోలెడు, గిద్దెడు అని నోరారా అనుచున్నారు. నిఘంటువు కంటె వారు నమ్మదగిన సాక్షులు, ఏలననగా వారు ఆ మాటతో బియ్యం కొలిచినవారు.

గోన గన్నారెడ్డి కల్పిత పాత్రయని భావించువారు తమిళనాటను కాక కన్నడదేశమును ఒకసారి చూడవలెను. రాయచూరు కోట గోడలో నలుబది అడుగులకు మించిన పొడవు గల ఒక రాయి ఉన్నది. దానిపై 1294 నాటి తెలుగు శాసనం, గన్నయరెడ్డిగారి సేనాని విఠలుడు ఆ కోటను కట్టించెనని తెలుపును. ఆ మహాశిలను బండిపై తెచ్చిన విధమును బొమ్మగా కూడ చెక్కిరి. కన్నడసీమ నడుమ, తెలుగు లిపిలో, మన నవలానాయకుని పేరు. నవలలోని ప్రేమకథ బాపిరాజుగారిది; రాయి చరిత్రది. ఈ రెండింటిని వేరుచేసి చూపుట ఉపాధ్యాయుని పని.

చివరకు ‘నాయక’ పదం వద్దకు తిరిగి వత్తము, అది మన వాకిలి వరకు వచ్చిన మాట కనుక. ఓరుగల్లు 1323లో పడిపోయినది. నాయకుల ఏర్పాటు అంతటితో అంతరించలేదు. విజయనగర రాజ్యంలో మరింత విస్తరించినది. ఆ రాయల ప్రతినిధియైన విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మధురలో నాయకరాజ్యమునకు పునాది వేసి, సీమను డెబ్బదిరెండు పాళెములుగా ఏర్పరచెనని ప్రసిద్ధి. పాళెమనగా సైన్యం దిగిన విడిది. దాని యజమాని పాళెగాడు, తమిళంలో పాళైయక్కారర్, ఆంగ్లేయుల వంకరనోట పాలిగార్. ఆంగ్లేయులు 1799లో కయత్తారులో ఉరితీసిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన తెలుగు మాట్లాడు కంబళత్తారి వంశమువాడు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఏకవీర’ కథకు రంగం ఈ మధుర నాయకుల రాజ్యమే. కనుక రుద్రమ నవల తరువాత ఏ నవల చదువవలెనని అడుగు విద్యార్థులకు అది సహజమైన రెండవ మెట్టు.

ఇచట ఒక మాట స్పష్టంగా చెప్పవలెను. తన ఇంటిపేరునకో, తండ్రి పేరు చివరనో నాయుడు, నాయకర్ అని ఉన్నంత మాత్రాన ఏ విద్యార్థియు తాను ఓరుగంటి నాయంకరపు వారసుడనని వ్రాసికొనరాదు. మాట నడిచిన దారిని చూపవచ్చును. ఆ దారి వెంట మన తాతముత్తాతలే నడిచిరని చెప్పుటకు వేరే సాక్ష్యం కావలెను. బిరుదులు మనుషుల కంటె వేగంగా ప్రయాణం చేయును, చేతులు కూడ మారును.

తలారి, కరణం అను మాటలు మాత్రం అట్లు దూరాన లేవు. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాలలోని ‘మహాతలవర’ మొదలు, తమిళ గ్రామాల ‘తలైయారి’ వరకు ఒకే గొలుసు. మహాధికారి పేరు కాలక్రమంలో ఊరి కావలివానికి దిగినది. గ్రామ కరణీకం తమిళనాడులో 1980లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1984లోను రద్దయినది. ఈ సంచికను చదువు పూర్వ విద్యార్థులలో కొందరి తండ్రులు ఆ పనియే చేసియుందురు. వారి ఇండ్ల అటకలపై పాత లెక్కల కట్టలు ఇంకను ఉన్నచో, వాటిలో పుట్లు, తూములు, మాన్యాలు తెలుగులోనో అరవంలోనో తప్పక కనబడును. చెదలు పట్టకముందు వాటిని ఒకసారి మన పాఠశాల గ్రంథాలయానికి తెచ్చి చూపినచో, శాసన శబ్దకోశమును ప్రక్కన పెట్టుకొని పిల్లలే చదివి పెట్టుదురు.